పికప్ వెనుక కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) కుంగుతున్నాయి: క్యాంపింగ్ సామానుకు మీరేం చేయించారు?

గోదావరి_గట్టు

అందరికీ నమస్కారం. నా బండి శ్రీసిటీలో తయారైన ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్. కొని నాలుగేళ్లయింది. మొదట్లో వెనుక తొట్టిలో రెండు సంచులు, ఒక చిన్న టెంటు తప్ప ఏమీ ఉండేవి కావు. ఈ రెండేళ్లలో ఒక్కొక్కటిగా ఇనుప కెనోపీ (తొట్టిని కప్పే గూడు), దాని మీద రూఫ్‌టాప్ టెంటు, లోపల 40 లీటర్ల ఫ్రిజ్, దానిని నడిపే లెడ్ యాసిడ్ బ్యాటరీ, 60 లీటర్ల నీళ్ల డబ్బాలు, పొయ్యి, 5 కిలోల గ్యాస్ సిలిండరు, పనిముట్ల పెట్టె వచ్చి చేరాయి. ఇప్పుడు నలుగురం ఎక్కి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే బండి ముక్కు పైకి లేచి, హెడ్‌లైట్ల వెలుతురు రోడ్డు మీద కాక చెట్ల కొమ్మల మీద పడుతోంది. స్పీడ్ బ్రేకరు దాటినప్పుడల్లా వెనుక ఇరుసు రబ్బరు దిమ్మకు తగిలి గట్టిగా చప్పుడవుతోంది. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిస్తే, ఖాళీగా 54 సెంటీమీటర్లు ఉన్నది నిండుగా 45కి దిగింది.

లోపం బండిది కాదనీ, నేను ఎక్కించిన బరువుదేననీ నాకు తెలుసు. కొందరు కమానులోని ఉక్కు పట్టీలకు తోడు అదనపు పట్టీ వేయించమంటున్నారు, కొందరు కమాను కట్ట మొత్తం మార్చమంటున్నారు, మరికొందరు ఇరుసుకు, ఛాసిస్‌కు మధ్య ఎయిర్ బ్యాగులు (గాలి నింపే రబ్బరు సంచులు) పెట్టించమంటున్నారు. స్వయంగా చేయించుకొని కొంతకాలం నడిపిన వారు తమ అనుభవం చెప్పగలరా?

అనంతగిరి_మలుపు

గోదావరి గారూ, దేనికైనా డబ్బు ఖర్చు పెట్టే ముందు బండిని కాటా ఎక్కించండి. ఊరి బయట లారీలను తూచే వేబ్రిడ్జి ఏదైనా సరిపోతుంది. మనుషులు, డీజిలు, నీళ్లు, సామాను అన్నీ ప్రయాణంలో ఉన్నట్టే ఉంచి, మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి, వెనుక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూయించండి. అంకె 5 లేదా 10 కిలోల అంచెలలో చూపినా మనకు కావలసిన విషయం అందులో తెలుస్తుంది. ఆ తరువాత అదే పని ఖాళీ బండితో చేయండి.

ఇంట్లో ఒక్కొక్క వస్తువును తూచి కూడితే సరిపోదా అని నేను కూడా మొదట అనుకున్నాను. సరిపోదు, ఎందుకంటే బరువు ఎంత అన్నదానితో పాటు అది ఎక్కడ ఉంది అన్నదీ లెక్కలోకి వస్తుంది. మీ బండి వీల్‌బేస్, అంటే ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం, 3095 మిల్లీమీటర్లు. వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనక, అంటే దాదాపు టెయిల్‌గేటు దగ్గర, 100 కిలోలు పెట్టారనుకోండి. అప్పుడు వెనుక ఇరుసు మీద పెరిగేది 100 కాదు, 132 కిలోలు. ఆ అదనపు 32 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచి వచ్చినవే. స్టీరింగు తేలికైపోవడం, లైట్లు పైకి చూడడం అక్కడే మొదలవుతాయి. అదే 100 కిలోలను క్యాబిన్ వెనుక గోడకు ఆనించి పెడితే బరువు వెనుక ఇరుసుకు కాస్త ముందే ఉంటుంది కనుక, పైసా ఖర్చు లేకుండా ముక్కు కిందికి దిగుతుంది. నా బండిలో నీళ్ల డబ్బాలు, బ్యాటరీ ముందుకు జరిపిన రోజునే సగం సమస్య తీరింది.

కమాన్‌షెడ్డు_బెజవాడ

మా కుటుంబం విజయవాడ ఆటోనగర్‌లో రెండు తరాలుగా కమాన్ల పని చేస్తోంది. పికప్‌లు మా దగ్గరికి రావడం ఈ ఏడెనిమిదేళ్లలోనే పెరిగింది కనుక, లారీ అలవాటుతో వీటికి పని చేస్తే ఏమవుతుందో మేము కూడా చేసి నేర్చుకున్నామని ముందే ఒప్పుకుంటున్నాను.

కమాను కట్టలో పై పట్టీ మెయిన్ పట్టీ. దాని రెండు చివరల గుండ్రంగా చుట్టిన కళ్లు ఉంటాయి; ముందుది ఛాసిస్‌కు, వెనుకది షాకిల్‌కు (ఛాసిస్ నుంచి వేలాడుతూ ఊగే లింకు) తగులుకొని ఉంటాయి. కింద ఉండే దాదాపు తిన్నని మందపాటి పట్టీ, బరువు బాగా పడి మిగతావి కుంగినప్పుడు మాత్రమే పనిలోకి వస్తుంది. ఈ రెండింటి మధ్య ఒక పట్టీ చేర్చడమే అందరూ చెప్పే చౌక మార్గం. మార్గం మంచిదే, కానీ ఏ పట్టీ చేర్చారన్నది ముఖ్యం. వెడల్పు, పొడవు ఒకటే అయినప్పుడు పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి, అంటే మందాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన, పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీకి బదులు 8 మిల్లీమీటర్లది వేస్తే బిగువు మూడో వంతు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది రెండింతలు దాటి, 2.37 రెట్లు అవుతుంది. పాత లారీ కమాను నుంచి తీసిన పట్టీని గ్యాస్‌తో కోసి, వేడి మీదే బెజ్జం వేసి పికప్‌కు బిగించిన బండ్లు మా షెడ్డుకు మరమ్మతుకు వచ్చాయి. గ్యాస్ మంట తగిలిన చోట ఉక్కుకు ఇచ్చిన పదును (వేడిచేసి చల్లార్చి తెచ్చిన గట్టిదనం) పోయి, విరుపు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. పైగా పలచని పట్టీల మధ్య మందపాటిది ఒకటి దూరితే బరువంతా అదే మోస్తుంది, మిగిలినవి దానికి సహకరించవు.

పాత పట్టీలకే మళ్లీ వంపు కొట్టించడం గురించి కూడా అడుగుతుంటారు. సుత్తితో చల్లగా వంపు తెచ్చి, మళ్లీ పదును పెట్టకుండా బిగిస్తే కొన్ని నెలలకే తిరిగి కుంగుతుంది. మాకు వచ్చే కూలి పోయినా సరే, పికప్ యజమానులకు ఆ పని చేయించుకోవద్దనే చెబుతున్నాను.

మీరు చెప్పిన సామానులో కెనోపీ, టెంటు ఎప్పుడూ బండి మీదే ఉంటాయా, లేక ప్రయాణం అయ్యాక దించేస్తారా? జవాబంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఎప్పుడూ ఉండే బరువుకు, అంత బరువుకే తయారు చేసిన కొత్త కట్ట సరైనది. ఓల్డ్ మ్యాన్ ఈము వంటి ఆస్ట్రేలియా కంపెనీలు ఒకే బండికి స్థిర బరువును బట్టి వేర్వేరు కట్టలు అమ్ముతాయి. ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే ఎక్కే బరువు కోసం అన్నిటికంటే గట్టి కట్ట వేయిస్తే, మిగిలిన రోజులన్నీ ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. తడి రోడ్డు మలుపులో అలా ఎగిరిన చక్రానికి పట్టు ఉండదు.

ఇంకొక మాట. కమాను బిగువు పెరిగితే దానికి తగిన షాక్ అబ్జార్బరు కూడా కావాలి. కుంగిన కమాను తిరిగి లేచేటప్పుడు దానిని అదుపు చేసేది షాకే కాబట్టి, పాత షాక్‌లతో కొత్త కట్ట వేస్తే బండి ఒక గుంత దాటాక రెండు మూడు సార్లు ఊగుతుంది.

టెక్సస్_టకోమా

నేను డాలస్ దగ్గర ఉంటాను. మా కుటుంబం న్యూ మెక్సికో, కొలరాడో కొండలకు టొయోటా టకోమా పికప్ మీద క్యాంపింగ్‌కు వెళుతుంది. ఇక్కడ డ్రైవరు తలుపు చట్రం మీద మనుషులు, సామాను కలిపి ఎంతకు మించరాదో అంటించి ఉంటుంది. నేను మూడేళ్లు ఎయిర్ బ్యాగులు వాడి తీసేశాను కనుక రెండు వైపులా చెప్పగలను.

గాలి పెంచితే వెనుక లేస్తుంది, ఇంటికి వచ్చి గాలి తగ్గిస్తే బండి మునుపటిలా మెత్తగా నడుస్తుంది. కొన్నిసార్లే బరువు మోసేవారికి ఇంతకంటే అనువైనది లేదు. రెండు బ్యాగులకు విడివిడిగా గాలి గొట్టాలు ఉండాలి. ఒకే గొట్టంతో కలిపితే మలుపులో బయటి వైపు బ్యాగులోని గాలి లోపలి వైపుకు పోయి బండి మరింత ఒరుగుతుంది. పూర్తిగా గాలి తీసి కూడా నడపకూడదు. బ్యాగు ముడతలో నలిగి చిరుగుతుంది. నాకు అదే జరిగింది, అదీ సెల్‌ఫోను సిగ్నలు లేని మట్టి రోడ్డు మీద.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మాత్రం ఛాసిస్. కమాను తన బరువును ఛాసిస్ మీద రెండు చోట్ల, ముందు కంటి దగ్గర, వెనుక షాకిల్ దగ్గర, పంచుతుంది. బ్యాగు సరిగ్గా ఇరుసు పైన ఒకే చోట ఛాసిస్‌ను కిందినుంచి నెడుతుంది. తొట్టి వెనుక భాగంలో బరువు వేలాడుతూ, బ్యాగులలో గాలి దండిగా ఉండి, బండి గతుకుల మీద వేగంగా వెళితే ఛాసిస్ ఆ చోట వంగవచ్చు. క్యాబిన్ వెనుక వంగిపోయిన డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్ల) పికప్‌ల ఫొటోలు ఆస్ట్రేలియా నుంచి తరచూ కనిపిస్తాయి. అందుకే బ్యాగులను బండి మట్టం సరిచేయడానికే వాడాలి, మోయరాని బరువు మోయించడానికి కాదు. కమాను మార్చినా ఇదే మాట వర్తిస్తుంది. బండి ఎత్తు తిరిగి వచ్చినంత మాత్రాన ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు మునుపటివే.

నల్లమల_బాట

టైర్ల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. టైరు పక్కన కొలత తరువాత ఉండే అంకె అది మోయగల బరువుకు గుర్తు. 112 అని ఉంటే పూర్తి గాలితో ఒక్కో టైరు 1120 కిలోలు, 108 అని ఉంటే 1000 కిలోలు. సామాను ఎక్కించిన రోజున వెనుక గాలి పెంచకపోతే ఆ లెక్క చెల్లదు.

కొన్ని పికప్‌లకు వెనుక ఇరుసు నుంచి ఛాసిస్‌కు ఒక చిన్న కడ్డీ ఉండి, బండి ఎంత కుంగిందో చూసి వెనుక బ్రేకుకు ఒత్తిడిని నిర్ణయిస్తుంది. వెనుక ఎత్తు పెంచి ఆ కడ్డీని సరిచేయకపోతే, బండి ఖాళీగా ఉందని భావించి వెనుక బ్రేకు తగ్గిస్తుంది. నిండు బండితో ఘాట్ దిగే వారికి ఇది ప్రాణాల మీది విషయం. మీ బండి కింద ఆ కడ్డీ ఉందో లేదో ఒకసారి చూపించుకోండి.

అనంతగిరి_మలుపు

బీమా గురించి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో విభేదించేలా బండిని మార్చకూడదు. ఏ కమాను వేయించినా పత్రాలలోని గరిష్ఠ బరువు ఒక్క కిలో కూడా పెరగదు. చేయించబోయే మార్పును బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలిపి జవాబు తీసుకోండి, బిల్లులు దాచుకోండి.

గోదావరి_గట్టు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు రెండుసార్లు తూయించాను. నిండు బండిలో వెనుక ఇరుసు మీద 570 కిలోలు పెరిగితే, ముందు ఇరుసు మీద పెరిగింది 70 మాత్రమే. మొత్తం బరువు పరిమితి కంటే 90 కిలోలు ఎక్కువ తేలింది. ఇంతకాలం నా పిల్లలను ఈ బరువుతో ఘాట్ దింపానని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ముందు బరువు తగ్గించాను. ఇనుప కెనోపీ అమ్మి అల్యూమినియం ఫ్రేముది తీసుకున్నాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ స్థానంలో లిథియంది వచ్చింది. నీళ్లు 60 లీటర్ల నుంచి 30కి తగ్గించి, దారిలో నింపుకుంటున్నాము. ఫ్రిజ్, నీళ్లు క్యాబిన్ గోడ పక్కకు జరిగాయి. మళ్లీ తూయిస్తే పరిమితికి 20 కిలోలు లోపల ఉన్నాను. కెనోపీ, టెంటు దించే వీలు మా ఇంట్లో లేదు కాబట్టి, ఆ స్థిర బరువుకు సరిపోయే మధ్యస్థ కట్ట, దాని జత షాక్‌లు వేయించాలని నిర్ణయించుకున్నాను. అన్నిటికంటే గట్టిది తీసుకోమని దుకాణంలో చెప్పినా ఒప్పుకోలేదు.

కమాన్‌షెడ్డు_బెజవాడ

సరైన నిర్ణయం. బిగించేటప్పుడు రెండు విషయాలు దగ్గర నిలబడి చూసుకోండి. కమాను కట్టను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులు మళ్లీ వాడనివ్వకండి. ఒకసారి సాగి బిగుసుకున్న బోల్టు మళ్లీ అదే పట్టు ఇవ్వదు. కమాను కళ్లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. బండి నేల మీద తన బరువుతో నిలిచాకే బిగించాలి, లేకపోతే రబ్బరు బుష్ మెలితిరిగిన స్థితిలో ఉండి త్వరగా చిరుగుతుంది. 800 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను టార్క్ రెంచితో (ఎంత బిగువుగా ఉందో కొలిచే పానా) మళ్లీ చూపించండి.

గోదావరి_గట్టు

కట్ట వేయించి ఆరు వారాలైంది. ఖాళీగా 56 సెంటీమీటర్లు, నిండుగా 52 ఉంది. మొదటి వారం ఊళ్లో తిరుగుతుంటే వెనుక సీటులో మా అమ్మగారికి గతుకులు తెలిశాయి, ఆ తరువాత కట్ట కొంత సర్దుకుంది. హెడ్‌లైట్లను గోడ ముందు నిలిపి మళ్లీ సరిచేయించాను. నల్లమల గారు చెప్పిన కడ్డీ నా బండికి లేదని మెకానిక్ కింద పడుకొని చూసి చెప్పాడు. మారేడుమిల్లి మీదుగా చింతూరు వెళ్లి వచ్చాము, ఒక్కసారి కూడా ఇరుసు దిమ్మకు తగల్లేదు. 800 కిలోమీటర్ల దగ్గర యూ బోల్టులు చూపిస్తే ఎడమ వైపువి రెండూ పావు తిరుగు బిగిశాయి.