మొదటి కాన్పు ఆపరేషన్. ఈసారి నన్ను అడిగి చేయమని డాక్టరుకు ఎలా చెప్పాలి?

అడిగినవారు: గోరింటాకు

నాకిప్పుడు 32 వారాలు. రెండో కాన్పు. పెద్దపాపకు మూడున్నరేళ్లు. మాది కరీంనగర్ దగ్గర ఒక మండల కేంద్రం.

మొదటిసారి జరిగింది ముందు చెప్పాలి, లేకపోతే నేనెందుకు అడుగుతున్నానో అర్థం కాదు. తెల్లవారుజామున నాలుగింటికి నొప్పులు మొదలయ్యాయి. ఎనిమిదింటికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. లేబర్ రూము తలుపు దగ్గరే అమ్మను ఆపేశారు. నా గాజులు తీయించి, గౌను వేయించి, సెలైన్ ఎక్కించి వెల్లకిలా పడుకోబెట్టారు. పక్కకు తిరగబోతే సూది జారుతుందన్నారు. లేచి నాలుగడుగులు వేస్తానంటే, పడితే పూచీ ఎవరిదన్నారు. ఎదురుగా గోడ గడియారం. దాని సెకన్ల ముల్లు ఏడు అంకె దగ్గరికి రాగానే ఒకసారి తడబడి, మళ్లీ నడిచేది. ఆరు గంటలసేపు నేను చూసింది అదే.

గంటకోసారి ఎవరో ఒకరు వచ్చి లోపల చేయి పెట్టి చూసేవారు. మొత్తం ముగ్గురు. పేరు చెప్పినవారు లేరు, చూడవచ్చా అని అడిగినవారు లేరు. 'నాలుగే' అని పక్కవాళ్లతో అనేసి వెళ్లిపోయేవారు. రెండింటికి మేడం వచ్చారు. నాతో కాదు, బయట మా ఆయనతో మాట్లాడారు. ఆయన సంతకం పెట్టారు. ఆపరేషన్ అని నాకు తెలిసింది స్ట్రెచర్ మీదికి మారమన్నప్పుడు.

పాప బాగుంది. ఆపరేషన్ నిజంగా అవసరమేమో కూడా, నేను కాదనను. కానీ మా నాన్న గేదె ఈనే రాత్రి కొట్టంలో దీపం తగ్గించి, వరిగడ్డి పరిచి, అది ఏ పక్కకు ఒత్తిగిలితే ఆ పక్కకే ఒత్తిగిలనిచ్చేవారు. ఆ పాటి మర్యాద నాకు దక్కలేదన్నదే నా బాధ.

ఇప్పుడు మా అత్తయ్య ముహూర్తం పెట్టించుకొచ్చారు. పంతులుగారు రాసిచ్చిన రెండు తేదీల చీటీ క్యాలెండరు వెనక గుచ్చి ఉంది. మొదటి తేదీకి నాకు 37 వారాల 5 రోజులు. 'ఎలాగూ ఆపరేషనే కదా, మంచి నక్షత్రంలో అయితే పోదా' అని ఆవిడ వాదన. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పెద్దపాప పుట్టినప్పుడు మూడు నెలలు నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టారు.

నొప్పులు వచ్చేదాకా ఆగి, మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా? అమ్మను లోపలికి రానిస్తారా? నా కాగితం మీద నేనే సంతకం పెడతానంటే తలపొగరు అనుకుంటారా? మేడం గదిలో నాకు దొరికేది నాలుగు నిమిషాలు. ముందు ఏది అడగాలి?

జవాబు: కాన్పుగది సిస్టర్

ముందు పాత డిశ్చార్జి కాగితం వెతికి తీయండి. అందులో గర్భసంచిని కింది భాగంలో అడ్డంగా కోశారా, పైన నిలువుగా కోశారా అన్నది ఉంటుంది. పొట్ట మీద కనిపించే గీతను బట్టి చెప్పలేం, లోపలిది వేరు. కింద అడ్డకోత ఒక్కటే అయి, మాయ సరైన చోట ఉండి, బిడ్డ తల కిందికి ఉంటే ప్రయత్నించవచ్చు. అలా ప్రయత్నించిన నూరు మందిలో డెబ్బై మందికి పైగా మామూలుగానే కంటారు. సుమారు 200 మందిలో ఒకరికి పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లుతుంది. ఆ ఒక్కరు మీరైతే నిమిషాల్లో థియేటర్, మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉండాలి. కాబట్టి ఏ డాక్టరు అన్నదానికంటే ఏ ఆసుపత్రి అన్నది ముందు తేలాలి. నొప్పులు రావడానికి మందులు వాడితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది, అదీ అడగండి.

వాళ్లు 'నాలుగే' అన్నది గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం అసలు నొప్పుల దశ లెక్కలోకి వచ్చేదే అయిదు సెంటీమీటర్ల నుంచి. మొదటి కాన్పులో అక్కడి నుంచి 12 గంటల వరకు పట్టవచ్చు. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో తొందరపడవద్దనీ అందులోనే ఉంది. మీ విషయంలో బిడ్డ గుండె చప్పుడు తగ్గిందో, మరేమైనా ఉందో నాకు తెలియదు కనుక తప్పు చేశారని అనను. కానీ వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టడం మాత్రం ఎవరికీ మేలు చేయదు. నేను మా దగ్గరికి వచ్చినవాళ్లను నడిపిస్తాను, ఎడమ పక్కకు ఒత్తిగిల్లమంటాను, కిటికీ చువ్వలు పట్టుకుని గొంతుక్కూర్చోమంటాను.

2017లో కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ, అంటే నర్సులు మామూలు కాన్పులు చేయడం నేర్చుకునేది, తరువాతి బ్యాచ్‌లలో నేనూ చేశాను. పద్దెనిమిది నెలలు. అంతకుముందు పదకొండేళ్లు లేబర్ రూములో ఉద్యోగం చేశాను. అరిచేవాళ్ల మీద నేను కూడా అరిచాను. 'అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు' అనే మాట నా నోటి వెంట కూడా వచ్చింది. ప్రైవేటు ఒక్కటే పాపం చేసిందని ఎవరైనా రాస్తే నమ్మకండి.

ముహూర్తం సంగతి: కారణమేమీ లేకుండా ముందే అనుకుని చేసే ఆపరేషన్ 39 వారాలకు ముందు వద్దు. బిడ్డకు ఊపిరి ఆడక అద్దాల పెట్టెలో పెట్టాల్సి రావచ్చు. అత్తయ్యగారికి కోత గురించి చెప్పకండి, ఆ అద్దాల పెట్టె గురించి చెప్పండి.

జవాబు: రాత్రి డ్యూటీ

నేను చిన్న పట్టణంలో ప్రసూతి డాక్టరుని. మీరు నా దగ్గరికి వస్తే మామూలు కాన్పుకు ప్రయత్నించడానికి ఒప్పుకోను. కారణం చెబుతాను. మా మత్తు డాక్టరు నాలుగు నర్సింగ్ హోములకు తిరుగుతారు. రాత్రి రెండింటికి పిలిస్తే ముప్పావు గంట పడుతుంది. బ్లడ్ బ్యాంకు జిల్లా కేంద్రంలో ఉంది. బిడ్డకు ఏమైనా అయితే గంటలో యాభై మంది వస్తారు, అద్దాలు పగులుతాయి. ఆపరేషన్ చేసిన డాక్టరును 'ఎందుకు చేశావు' అని కొట్టినవారు లేరు. ఆగిన డాక్టరునే కొడతారు.

డబ్బు పాత్ర లేదని అంటే మీరు నవ్వుతారు, నవ్వాలి కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఆపరేషన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. మన దగ్గర ప్రైవేటు ఆసుపత్రులు ఒక్కటే తీస్తే 81.5. మన ఆడవాళ్ల కటి ఎముకలు పక్క రాష్ట్రాలవారికంటే ఇరుకైనవేమీ కావు.

మీ నాలుగు నిమిషాల్లో 'చేస్తారా, చేయరా' అని అడగకండి. చేయం అంటారు, మాట అక్కడితో తెగుతుంది. 'మీ దగ్గర వీలుకాకపోతే నన్ను ఎక్కడికి రాసి పంపుతారు?' అని అడగండి. దానికి జవాబు చెప్పక తప్పదు.

ఇంకొకటి, దీని గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. చేయి పెట్టి చూసే ముందు పేరు చెప్పి అడగడానికి మత్తు డాక్టరు అక్కరలేదు, రక్తం అక్కరలేదు. అది నేనూ చాలాసార్లు చేయలేదు.

జవాబు: సంతకం పెట్టినవాడు

చెల్లెమ్మా, నేను మీ ఆయన స్థానంలో ఉన్న మనిషిని. అయిదేళ్ల కిందట నేనూ అలాగే సంతకం పెట్టాను. కౌంటరులో పెన్ను దారంతో కట్టి ఉంది. దారం పొట్టిది, వంగి రాయాల్సి వచ్చింది. ఏముందో చదవలేదు. నా భార్య పది అడుగుల అవతల స్పృహలో ఉందని, ఆమెనే అడగవచ్చని నాకు తోచనే లేదు.

2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లి కేసులో దీని మీదే తీర్పిచ్చింది. పరీక్ష కోసం మత్తిచ్చిన ఆవిడకు, బయట కూర్చున్న తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, వయసు వచ్చి తెలివిలో ఉండగల మనిషి బదులు తల్లయినా సరే ఒప్పుకోవడం చెల్లదన్నారు. అత్యవసరం వేరు. కాబట్టి మీ సంతకం మీరు పెడతాననడం పొగరు కాదు.

మీ అమ్మగారి విషయానికొస్తే, సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. తాను కూడా కని ఉన్న ఆడమనిషి అయితే మంచిదన్నారు. ఉతికిన బట్టలు వేసుకోవాలి, డాక్టర్ల పనికి అడ్డు రాకూడదు. లోపల వేసుకోవడానికి విడి చెప్పులు కూడా పట్టుకెళ్లండి. పక్కన తెర లేదని, చోటు లేదని వంక చెబుతారు. మా మరదలి కాన్పుకు ఇంటి నుంచి పాత దుప్పటి, తాడు తీసుకెళ్లి మేమే తెర కట్టాం. సిస్టరమ్మ ముందు కసిరి, తరువాత ముడి బిగించడానికి తానే చేయి వేసింది.

మళ్లీ గోరింటాకు

నిన్న వెళ్లివచ్చాను. కాగితం దొరికింది, బీరువాలో పాప టీకాల కార్డు కింద. సిస్టర్ గారు చెప్పినట్లే కింద అడ్డకోత. కారణం దగ్గర, కాన్పు ముందుకు సాగలేదని అర్థమొచ్చే మూడు ఇంగ్లీషు ముక్కలున్నాయి. నా ఆరు గంటలు ఆ మూడు ముక్కలే.

మేడం మొదట కాగితం నుంచి తలెత్తలేదు. 'ఎక్కడికి పంపుతారు' అని అడిగాక ఎత్తారు. కాసేపు ఆగి, 36 వారాలకు స్కాన్ చేసి మాయ చోటు, బిడ్డ బరువు చూసి, అన్నీ బాగుంటే పెద్దాసుపత్రికి రాసిస్తానన్నారు. అప్పటికి నొప్పులు ఆగిపోయినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా మళ్లీ ఆపరేషనే అన్నారు. సరేనన్నాను. ఆ సంగతి నా మొహం చూసి చెప్పారు కదా.

మా ఆయన మీ అందరి జవాబులు రాత్రి కూర్చుని చదివారు. సంతకం పెట్టినవారి మాటల దగ్గర ఆగి, 'మనదీ దారం పెన్నే' అని ఊరుకున్నారు.

అత్తయ్యతో అద్దాల పెట్టె గురించి చెప్పాను. చీటీ ఇంకా క్యాలెండరు వెనకే ఉంది. నొప్పులు వచ్చిన గడియనే ముహూర్తంగా రాసిస్తారేమో పంతులుగారిని అడగమంటే, ఆవిడ నవ్వలేదు. ఫోను నంబరు మాత్రం వెతుకుతున్నారు.

అమ్మ నిన్న సంతలో కొత్త రబ్బరు చెప్పులు కొన్నది. బయట వేసుకోకుండా, కవరుతో సహా నా సంచిలో అడుగున పెట్టింది.