ఒకే పేరు, ఎందరో స్పైడర్ మ్యాన్‌లు: వీరిలో అసలువాడు ఎవరు?

ప్రశ్న – పెన్నాతీరం

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పుట్టినరోజుకు స్పైడర్ మ్యాన్ డ్రెస్సు కావాలని అడిగితే, నాకు తెలిసిన ఎరుపు, నీలం రంగుల డ్రెస్సు కొని తెచ్చాను. వాడు పెట్టె విప్పి చూసి, ముఖం చిన్నబుచ్చుకుని, "అమ్మా, ఇది పీటర్‌ది. నేను అడిగింది మైల్స్‌ది" అన్నాడు. నల్లని గుడ్డ మీద ఎర్రని సాలెగీతలు, గుండెల మీద ఎర్రని సాలీడు ఉండే డ్రెస్సు వాడు కోరుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

నేను స్పైడర్ మ్యాన్‌ను బొత్తిగా ఎరగనిదాన్ని కాను. 2002లో వచ్చిన సినిమాను తెలుగులోనే చూశాను. ఆ తరువాత 2012లో ఒకసారి, 2016లో మరొకసారి నటుడు మారాడు. 2021 చివర్లో వచ్చిన సినిమాలో ఆ ముగ్గురూ ఒకే చోట నిలబడినప్పుడు, పక్కన కూర్చున్న మా అత్తగారు "వీళ్లు అన్నదమ్ములా?" అని అడిగితే నేను సమాధానం చెప్పలేకపోయాను. ఒకే పేరుతో ఇంతమంది ఎందుకున్నారు, వారిలో అసలువాడని ఎవరిని అనుకోవాలి, పిల్లవాడితో మాట్లాడటానికి నేను ఎంతవరకు తెలుసుకోవాలి అన్నది తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు – పాతసంచికలు

అమ్మా, మీ అత్తగారు అడిగినది సరైన ప్రశ్న. ఈ గందరగోళంలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీస్తే సగం చిక్కు వీడిపోతుంది.

మొదటిది, వ్యక్తి ఒకడే, కథ చెప్పేవారు మారతారు. మీరు చూసిన ముగ్గురు నటులూ వేసినది పీటర్ పార్కర్ పాత్రే. వాల్మీకి రాముడూ, రంగనాథ రామాయణంలోని రాముడూ, మొల్ల రాముడూ ఒకే రాముడని మనం ఎలా అనుకుంటామో ఇదీ అలాంటిదే, కాబట్టి ఇందులో తికమక పడవలసినది తక్కువ. ఆ ముగ్గురినీ ఒకే తెరమీదికి తెచ్చి, ముగ్గురూ మూడు వేరు విశ్వాలకు చెందినవారని చెప్పడం వల్లనే మీ అత్తగారికి సందేహం వచ్చింది.

రెండవది, పేరు ఒకటే, వ్యక్తులు మారతారు. మన పురాణాలలో ఇంద్రుడన్నది పదవి. మన్వంతరానికి ఒక ఇంద్రుడు ఉంటాడు, నహుషుడు కొంతకాలం ఆ సింహాసనం ఎక్కాడు, రాబోయే సావర్ణి మన్వంతరంలో బలి ఇంద్రుడవుతాడని భాగవతం చెబుతుంది. బొమ్మల కథల పత్రికల్లోని గ్రీన్ లాంటర్న్ అనే వీరుడి పేరు సరిగ్గా అలాంటిది. 1940లో ఆ పేరు అలన్ స్కాట్‌ది, 1959లో హాల్ జోర్డన్ వచ్చాడు, 1971లో జాన్ స్టూవర్ట్ అనే నల్లజాతి వాస్తుశిల్పి వచ్చాడు, ఇంకా కొందరున్నారు. 2001లో మొదలైన జస్టిస్ లీగ్ కార్టూన్ సీరియల్‌లో ఉన్నవాడు జాన్ స్టూవర్ట్. దానిని చూసి పెరిగిన పిల్లలు 2011 సినిమాలో హాల్ జోర్డన్ కనిపించేసరికి, తమ హీరోను ఎందుకు మార్చారని అడిగారు. నిజానికి హాల్ జోర్డన్ జాన్ కంటే పన్నెండేళ్లు ముందువాడు. ఆ పిల్లలది తప్పని నేను అనను, ఎందుకంటే వారికి ఎవరు ముందుగా పరిచయమయ్యారో వారే అసలువారు.

మైల్స్ మొరాలెస్ కూడా ఈ రెండవ రకానికే చెందుతాడు. స్పైడర్ మ్యాన్ బొమ్మల కథలు ప్రచురించే మార్వెల్ సంస్థ 2000లో అల్టిమేట్ అనే వేరే కథల వరుసను ప్రారంభించింది. ఆ వరుసలోని పీటర్ చనిపోయిన తరువాత, 2011లో మైల్స్ ఆ ముసుగు వేసుకున్నాడు. అందువల్ల మీ అబ్బాయికి మైల్స్ ఎవరికో నకలు కాడు, పేరునూ బాధ్యతనూ అందుకున్న మరో మనిషి.

జవాబు – మద్రాసుమెయిల్

పై జవాబుతో ఏకీభవిస్తూనే మూడవ రకం ఒకటి చేర్చాలి. దానికి కథతో సంబంధం లేదు, కోర్టులతో ఉంది. 2019 మార్చిలో కెప్టెన్ మార్వెల్ సినిమా, ఏప్రిల్‌లో షజామ్ సినిమా వచ్చాయి. ఆ రెండవ సినిమా హీరో అసలు పేరు కూడా కెప్టెన్ మార్వెలే అని చెబితే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు.

జరిగినది ఇది. 1940 మొదట్లో ఫాసెట్ అనే ప్రచురణ సంస్థ తన బొమ్మల కథల్లో కెప్టెన్ మార్వెల్‌ను తెచ్చింది. బిల్లీ బ్యాట్సన్ అనే కుర్రవాడు "షజామ్" అని పలకగానే వీరుడిగా మారతాడు. ఆ పాత్ర సూపర్‌మ్యాన్‌కు అనుకరణ అని, సూపర్‌మ్యాన్ కథలు ప్రచురించే, ఈనాడు మనం డీసీ అని పిలిచే సంస్థ దావా వేసింది. ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యం 1953లో రాజీతో ముగిసి, ఫాసెట్ ఆ ప్రచురణ ఆపేసింది. పేరు ఖాళీగా ఉండటంతో 1967లో మార్వెల్ సంస్థ అదే పేరుతో వేరే వీరుణ్ణి సృష్టించి, ట్రేడ్‌మార్క్ తనదిగా చేసుకుంది. డీసీ 1972లో ఫాసెట్ పాత్రను ప్రచురించే హక్కు తీసుకుంది గానీ, ముఖచిత్రం మీద అతని పేరు పెద్దగా వేసుకునే వీలు లేక, పత్రికకు షజామ్ అని పేరు పెట్టవలసి వచ్చింది. చదివినవారు అతని పేరే షజామ్ అనుకున్నారు, చివరకు సంస్థే అతనికి ఆ పేరు ఖాయం చేసింది. మార్వెల్ వైపు చూస్తే, వాడుకలో లేకపోతే ట్రేడ్‌మార్క్ చేజారుతుంది కాబట్టి, ఆ పేరును ఒకరి తరువాత ఒకరికి ఇస్తూ వచ్చారు. 2012 నుంచి అది కెరల్ డాన్వర్స్ అనే మహిళది. ఇంతటి చరిత్ర తెలియనందుకు ప్రేక్షకుణ్ణి తప్పుపట్టడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

జవాబు – హరికథాభిమాని

ఇంద్ర పదవి పోలిక నాకు నచ్చింది, అయితే ఒక తేడా ఉంది. హరికథ చెప్పే దాసుగారు ఇది ఏ మన్వంతరపు కథో, ఏ ఇంద్రుడో ముందే చెప్పి కథలోకి వెళతారు. సినిమా పోస్టరు మీద, బొమ్మల పెట్టె మీద అలా చెప్పేవారు లేరు.

సంస్థలకు ఈ ఇబ్బంది తెలియకపోలేదు. డీసీ 1961లో, మెరుపు వేగంతో పరుగెత్తే ఫ్లాష్ అనే ఒకే పేరున్న ఇద్దరు వీరులను ఒకే కథలో కలిపి, వారు రెండు వేరువేరు భూములవారని చెప్పింది. ఆ భూముల సంఖ్య పెరిగి పెరిగి, కొత్త పాఠకులకు అందకుండా పోతోందని 1985లో మొదలైన ఒక పెద్ద కథలో వాటన్నిటినీ ఒక్క భూమిగా కలిపేసింది. 2011లో మళ్లీ యాభై రెండు పత్రికలను ఒకటో సంచిక నుంచి మొదలుపెట్టింది. ఇలా సరళం చేసిన ప్రతిసారీ పాతదాన్ని ప్రేమించినవారి కోసం కొంత మిగల్చవలసి వచ్చింది, ఆ మిగిలినదే మరో వెర్షన్ అయి కూర్చుంది.

అమ్మా, మీరు ఇవన్నీ నేర్చుకోనవసరం లేదు. "ముసుగు వెనక ఉన్నది ఎవరు?" అన్న ఒక్క ప్రశ్న మీ అబ్బాయిని అడగండి.

పెన్నాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఆ ప్రశ్న నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాను. కంచంలో చెయ్యి ఆరిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. మైల్స్ వాళ్ల నాన్న పోలీసని, అమ్మ నర్సని, ఆవిడ ఇంట్లో స్పానిష్‌లో మాట్లాడుతుందని చెప్పాడు. మా అత్తగారికి ముగ్గురు పీటర్‌ల సంగతి వాడే విడమరిచి చెప్పాడు. "అయితే అన్నదమ్ములు కారన్నమాట" అని ఆవిడ అంటే, "కాదు నానమ్మా, ముగ్గురూ ఒక్కడే" అన్నాడు. ఈ ఉదయం డ్రెస్సు మార్చుకోవడానికి దుకాణానికి వెళ్లాను. నల్లనిది దొరికింది. దాని పెట్టె మీద కూడా స్పైడర్ మ్యాన్ అని మాత్రమే ఉంది.