71లో మనం వెళ్లడం రైట్ అయితే 87లో శ్రీలంక వెళ్లడం ఎందుకు తప్పయింది?

ప్రశ్న (బీచ్‌రోడ్ కుర్రాడు):
మొన్న వైజాగ్‌లో విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దగ్గర మా మామయ్యతో పెద్ద వాదన అయింది. 71 యుద్ధంలో పాక్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగినప్పుడు ఆయనకి పదేళ్లంట, 71లో మనం దిగకపోతే బంగ్లాదేశ్ జనం ఏమైపోయేవాళ్లురా అంటాడు, మళ్లీ ఆయనే శ్రీలంకలో మాత్రం వేలు పెట్టకుండా ఉండాల్సింది అంటాడు. పక్క దేశం గొడవలోకి ఎప్పుడు వెళ్లొచ్చు, ఎప్పుడు వెళ్లకూడదు అని ఎలా తేలుస్తారు?

గోదారి గట్టు:
మీ మామయ్యగారు కరెక్టేనండి. 71 మార్చి 25 రాత్రి, అప్పటికి తూర్పు పాకిస్తాన్‌గా ఉన్న బంగ్లాదేశ్‌లో, ఢాకాలో పాక్ సైన్యం ఊచకోత మొదలెట్టింది, ఏడాది తిరిగేలోపు కోటి మంది దాకా మన బెంగాల్, త్రిపుర వైపు వచ్చి పడ్డారు, ఇంకది వాళ్లింటి గొడవ ఎలా అవుద్ది? పైగా 1970 ఎన్నికల్లో అక్కడి బెంగాలీల పార్టీ అవామీ లీగ్ గెలిచింది, అక్కడి విముక్తి సేన ముక్తి బాహిని అప్పటికే పోరాడుతోంది, అంటే జనం ఎటున్నారో తెలుసు. 72 మార్చిలో ఢాకాలో వీడ్కోలు పరేడ్ చేసి మనోళ్లు వచ్చేశారు. గెలిచాక అక్కడే తిష్ఠ వేయలేదు చూడండి, నాకు అదే పెద్ద విషయం.

చెన్నైలో తెలుగోడు:
శ్రీలంకలో ఆ క్లారిటీనే లేదు. 1987 జూలై 29న శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టింది మన ప్రధాని రాజీవ్, వాళ్ల అధ్యక్షుడు జయవర్ధనే, తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈ పెట్టనేలేదు. శాంతి సేన అని పేరు పెట్టుకుని వెళ్లినోళ్లు అక్టోబర్‌కల్లా జాఫ్నాలో యుద్ధం చేస్తున్నారు, అదే నెల జాఫ్నా ఆసుపత్రిలో మనోళ్ల కాల్పులకి డాక్టర్లు, నర్సులు, పేషెంట్లు పోయారు, అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మన జవాన్లు పదకొండొందల మందికి పైగా చనిపోయారు. ఆఖరికి సింహళీయులూ వద్దన్నారు, కాపాడ్డానికి వెళ్లిన తమిళులూ వద్దన్నారు, జయవర్ధనే తర్వాత అధ్యక్షుడైన ప్రేమదాస పొమ్మంటే 90 మార్చికి తిరిగొచ్చారు.

ఓరుగల్లు:
అన్నా, గట్లని అసలే పోవద్దు అనుడు కూడ కరెక్ట్ కాదు. 1994ల రువాండాల చంపుడు షురూ అయినంక ఐరాస సైన్యాన్ని పెంచుడు పోయి 270 మందికి తగ్గించాలని తీర్మానం చేసిన్రు, వంద రోజులల్ల అక్కడి మైనారిటీ తెగ టుట్సీలను లక్షల మందిని నరికి చంపిన్రు. పోకపోవుడు గూడ ఒక నిర్ణయమే కదా, దానికి ఎవరు జవాబు చెప్తరు?

బీచ్‌రోడ్ కుర్రాడు:
రువాండా సంగతి నేను అసలు ఆలోచించలేదు అన్నా. అయితే అక్కడి జనం ఏమంటున్నారు, పని ఏంటి, ఎప్పుడు తిరిగొస్తాం అన్నవి వెళ్లకముందే తేలాలన్నమాట. ఆదివారం మామయ్య దగ్గరికి వెళ్తున్నా, జాఫ్నా గురించి ఆయన్ని ఇంకాస్త అడుగుతా.