సమస్య: తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను

నిర్వాహకుడు:
ఈసారి సమస్య తేటగీతి నాలుగో పాదం.

తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను

విషయం, 2015 అక్టోబరు 26న అమెరికా టీవీ ఛానల్ సీబీఎస్‌లో మొదలైన 'సూపర్‌గర్ల్' ధారావాహిక. మొదటి భాగం చూసినవాళ్లకు ముడి ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. క్రిప్టాన్ గ్రహం పేలిపోయే వేళ కథానాయిక కారాను తల్లి భూమికి పంపుతుంది. ముందే బయల్దేరిన పసివాడు కల్-ఎల్‌ను కనిపెట్టుకుని ఉండటం ఆమె పని. తండ్రులు అన్నదమ్ములు కనక వాడు ఆమెకు తమ్ముడే. దారిలో ఆమె నౌక ఫాంటమ్ జోన్‌లో చిక్కుకుంటుంది. అక్కడ కాలం నడవదు. 24 ఏళ్ల తర్వాత అదే వయసుతో ఆమె భూమి మీద దిగేసరికి ఆ పసివాడు పెరిగి పెద్దవాడై సూపర్‌మ్యాన్ అయిపోయాడు.

ఛందస్సు మీకు తెలిసిందే: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, ప్రాసయతి కూడా చెల్లుతుంది. కథ అప్పజెప్పడం కాకుండా, చూశాక మీ మనసుకు ఏం తగిలిందో పద్యంలో రావాలని నా కోరిక.

పూరణ 1:
గ్రహము పగిలెడి వేళలోఁ గన్నతల్లి
పసి శిశువుఁ గావుమని నౌకఁ బంప వచ్చె;
నడుమఁ జిక్కఁగా నిరువది నాలుగేండ్లు
తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను.

నిర్వాహకుడు:
మొదటి పూరణే సాఫీగా నడిచింది. ముడి విప్పడానికి కావలసిన లెక్క అంతా మూడు పాదాల్లో పట్టింది. 'నాలుగేండ్లు' రెండు సూర్యగణాలుగా విడిపోయి యతి స్థానంలో చక్కగా కూర్చుంది. ఒక్క సవరణ. శిశువు అన్నాక మళ్లీ పసి ఎందుకు? 'పసి యనుజుఁ గావుమని' అంటే గణాలు చెడవు, తమ్ముడన్న సంగతి కూడా ముందే తెలుస్తుంది. అయితే ఇందులో కారా ఎక్కడ ఉందండీ? ఆమె దిగాక ఏమనుకుందో పద్యానికి తెలియదు.

పూరణ 2:
కావ వచ్చిన చేతులు కట్టుకొనెను,
కళ్లజోడు చాటున శక్తిఁ గప్పిపెట్టె,
తన పనికి లేదు తావంచుఁ దలఁచి యాగె;
తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను.

నిర్వాహకుడు:
నేను ఎదురుచూసింది ఇదే. ఫలితం ముందు చెప్పి, కారణాన్ని సమస్యాపాదానికి వదిలేశారు. 'చేతులు కట్టుకొనెను' దగ్గర చాలాసేపు ఆగాను. విమానాలను మోయగల చేతులవి. ఆ చేతులతో ఆమె ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా ఉండిపోయింది, ఎవరూ అడ్డుపడకపోయినా సరే. కారాగా వేసిన మెలిస్సా బెనోయిస్ట్ నటనలో నాకు బాగా నచ్చింది కూడా ఆ సంకోచమే. కళ్లజోడు సర్దుకునే తీరులో అది కనిపిస్తుంది.

ఒక సభ్యురాలు:
మే నెలలో ఆరు నిమిషాల ట్రైలర్ వచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఆఫీసులో తడబడే అమ్మాయి, విసుక్కునే బాస్, మనసు పడ్డ సహోద్యోగి, ఇదేదో సరదా ప్రేమకథలా ఉందన్నారు. మొదటి భాగం ఆ నెలలోనే ఆన్‌లైన్‌లో లీక్ అయింది, అప్పటి నుంచీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నేను మాత్రం ప్రసారమయ్యే దాకా ఆగి చూశాను. ట్రైలర్‌లో చూసిన ఆ తడబాటే పూర్తి కథలో వేరుగా తోచింది. పూరణ 2 చదివాక ఎందుకో అర్థమైంది: ఆమెది చేతకానితనం కాదు, దాచుకోవడం.

పూరణ 3:
మొగము చూపక వెలుఁగులో మూర్తి నిలిపి
కథను సోదరి కిచ్చిరి కర్త లెల్ల;
నీడ పొడవైన నామెయే నింగి నేలె;
తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను.

నిర్వాహకుడు:
మంచి పరిశీలన. సూపర్‌మ్యాన్ వస్తాడు, కానీ ఎండకు ఎదురుగా నిలబెట్టి ముఖం కనబడకుండా చేశారు. మొ-మూ యతి కూడా సరిపోయింది. ఇబ్బందల్లా చివర వచ్చింది. ఆమెయే నింగినేలె అని ముగించాక సమస్యాపాదం ఎందుకొచ్చిందో తెలియడం లేదు. మూడు పాదాలు ఒకవైపు, నాలుగోది ఒకవైపు నిలబడ్డాయి. పూరణలో సమస్యాపాదం తప్పనిసరై రావాలి. సమస్యలో 'ఇలను' అని ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. ఒకసారి చూడండి.

పూరణ 3, సవరణ:
మొగము చూపక వెలుఁగులో మూర్తి నిలిపి
కథను సోదరి కిచ్చిరి కర్త లెల్ల;
నింగిలో నామె పెద్దయే నిజము, కాని
తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను.

నిర్వాహకుడు:
భేష్! నింగిలో ఒక వరుస, ఇలలో ఇంకో వరుస. ఒక్క పాదం మారిస్తే పద్యమంతా లేచి నిలబడింది.

ఒక సభ్యుడు:
ముఖం చూపకపోవడం గురించి నాది వేరే మాట. అతన్ని చూపించలేనప్పుడు ప్రతి సన్నివేశంలో అతని ప్రస్తావన తేకుండా ఉండాల్సింది. కనబడని మనిషి గురించే అందరూ మాట్లాడుతుంటే, కథ ఆమెకు ఇచ్చారని ఎలా అనగలం? పైగా మొదటి గంటలోనే గ్రహం పేలడం, ఉద్యోగం, విమానం, రహస్య సంస్థ, శత్రువు అన్నీ కుక్కేశారు. ఊపిరి తీసుకునే వీలు లేదు. ఇంకో సందేహం. 1959లో కామిక్స్‌లోకి వచ్చిన కారా గ్రహం పేలాకే పుట్టింది, నిజంగానే అతనికన్నా చిన్నది. ఆ కథకు మీ సమస్య చెల్లదు కదా?

నిర్వాహకుడు:
చెల్లదు. 1959 నాటి కారాకు అతను అన్నే. పెద్దది చిన్నదయ్యే మలుపు కామిక్స్‌లో 2004లో వచ్చింది, ఈ ధారావాహిక దాన్నే తీసుకుంది. నా సమస్య ఈ కారా గురించే. హడావిడి మాట ఒప్పుకుంటాను. ఆ విమానం సన్నివేశానికి ముందు ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే బాగుండేది. ప్రస్తావనల సంగతికి మాత్రం కింద వచ్చిన పూరణ 5 చూడండి, మీకే జవాబు చెబుతున్నట్టుంది.

పూరణ 4:
అక్క యెగిరెడి వనితగా నాటలాడఁ
జిట్టివాఁడును దుప్పటిఁ జేతఁ బట్టి
సూపరుమ్యాను నేనంచుఁ జొచ్చి వచ్చె;
తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను.

నిర్వాహకుడు:
ముచ్చటగా ఉంది. కథలోంచి బయటికొచ్చి, చూసే పిల్లల ఆటలోకి వెళ్లారు. సూ-జొ యతి కుదిరింది. ఆటలాడే పాపను తరుణి అనడం కొంచెం పెద్ద మాట, కానీ ఆటలో ఆమె వేషం పెద్దదే కనక వదిలేద్దాం.

పూరణ 5:
కూలు గగనపు నావకు గుండె నొడ్డి
యక్కఁ గాపాడె, నగరమె యబ్బురపడె;
నెంత యెగిరిన నడుగుదు 'రెవరి చెల్లి?'
తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను.

నిర్వాహకుడు:
దీన్ని చాలాసార్లు చదివాను. జెనీవా వెళ్లే విమానంలో పెంపుడింటి అక్క అలెక్స్ ఉంది, ఇంజన్ పాడైంది. ఏళ్లుగా ఎగరని కారా ఆ రాత్రి ఎగిరి, దాన్ని వంతెన దాటించి నీళ్ల మీద దించుతుంది. మొదటి రెండు పాదాల్లో అదంతా వచ్చేసింది. అసలు బలం మూడో పాదంలో ఉంది. 24 ఏళ్ల లెక్క ఒక్కటే తమ్ముణ్ణి అన్నగా మార్చలేదు, లోకం అడిగే ఆ ప్రశ్న కూడా మార్చింది. ఇంత చేశాక కూడా ఆమెను అతని వైపు నుంచే చూస్తారు. ధారావాహిక చూస్తూ నాకు కలిగిన బాధ సరిగ్గా ఇదే. తర్వాతి భాగాలు ఈ ప్రశ్నను ఎలా ఎదుర్కొంటాయన్న దాని మీదే ఆమె కథ నిలబడుతుందని నా నమ్మకం. సాంకేతికంగా చూస్తే 'రెవరి' దగ్గర అచ్చు యతి సరిపోయింది. 'చెల్లి' తర్వాత 'అని' లేకపోయినా అర్థానికి లోటు లేదు.

పూరణ 3 పంపిన సభ్యుడు:
ఇది చదివాక నా పద్యం మళ్లీ చూసుకుంటే నింగి మాట బాగానే ఉన్నా మనుషులు లేరనిపిస్తోంది. మూడో పాదానికి నా అభినందనలు.

పూరణ 6:
తల్లి ముఖముతో నెదిరించె దాయ యొకతె,
పిన్ని యనుకొన్న యామెయె శత్రు వయ్యె,
తారుమారయ్యె వరుసలు, ధర్మ మేది?
తమ్ముఁ డన్నగ మారె నా తరుణి కిలను.

నిర్వాహకుడు:
ఆస్ట్రాను తెచ్చినందుకు సంతోషం. కారా తల్లి అలూరాకు కవల చెల్లెలు ఆమె. లారా బెనాంటి రెండు పాత్రలూ వేయడం వల్లే కారాకు ఆ ముఖం చూడగానే కాళ్లు ఆడవు. రెండో పాదంలో పి-శ యతి కుదరలేదు. 'పిన్ని యనుకొన్న యామెయె భీతిఁ గొలిపె' అంటే సరిపోతుంది. మూడో పాదం చాలా బాగుంది, వరుసలన్నీ తిరగబడ్డాక తమ్ముడు అన్న కావడం అందులో ఒకటిగా కలిసిపోయింది.

పూరణ 4 పంపిన సభ్యురాలు:
వరుసల మాట వచ్చింది కనక చెబుతున్నాను. కారాను పెంచిన తల్లిగా వేసిన హెలెన్ స్లేటర్ 1984 సినిమాలో సూపర్‌గర్ల్. పెంచిన తండ్రిగా వేసిన డీన్ కెయిన్ 1990లలో టీవీలో సూపర్‌మ్యాన్. పాత అభిమానులకు వాళ్లిద్దరూ ఒక ఇంట్లో కనబడగానే ఎంత సంబరం! తమ్ముడు ఇక్కడ అన్నే కాదు, ఒక లెక్కలో తండ్రి కూడా అయ్యాడు.

నిర్వాహకుడు:
ఆ సంబరాన్ని పద్యంలో పెట్టి ఉంటే ఏడో పూరణ అయ్యేది, ఇప్పటికైనా పంపండి. ఈ విడతలో నా ఎంపిక పూరణ 5. దాని వెనకే పూరణ 2, సవరించిన పూరణ 3. కారా బాస్ క్యాట్ గ్రాంట్ పాత్రను ఒక్కరూ ముట్టుకోలేదన్నది నా ఫిర్యాదు. కాలిస్టా ఫ్లాక్‌హార్ట్ ఆ పాత్రకు తెచ్చిన పదును పద్యానికి దొరకాల్సిన సరుకు.

వచ్చే సమస్య ఆటవెలది నాలుగో పాదం. కారా నౌక ఫాంటమ్ జోన్ నుంచి బయటపడినప్పుడు దాని వెంటే ఏది కొట్టుకొచ్చిందో గుర్తున్నవాళ్లకు కష్టం కాదు:

చెఱయె పాఱిపోయెఁ జెఱను వీడి