బెండు కట్టి నింఫ్ వేస్తే అది ఫ్లై ఫిషింగ్ అవుతుందా?

లెస్టర్_గట్టు:
పోయిన ఆదివారం ఇంగ్లండులోని రట్లండ్ వాటర్ రిజర్వాయరులో నార్మంటన్ గట్టు మీద పక్కనున్న మన తెలుగాయనతో మాటామాటా పెరిగింది. లైను చివర కట్టే సన్నదారానికి, అదే లీడరుకు, చేప పట్టిందని చూపే నారింజరంగు తేలే ఇండికేటర్ కట్టి, దానికి ఎనిమిది అడుగుల కింద రెండు బజర్ నింఫులు, అంటే నీటిపురుగును పోలేలా కట్టిన గాలాలు, వేలాడదీశారాయన. గంటలో మూడు ట్రౌట్లు పడ్డాయి. "ఇది బెండు గాలమే కదండీ" అన్నాను. నొచ్చుకున్నారు. అలా అనకుండా ఉండాల్సింది, కానీ నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఏట్లో అయితే పారే నీరే నింఫును చేప దగ్గరికి మోసుకుపోతుంది. నిలవనీటిలో ఆ పని గాలి చెయ్యాలి, మన చెయ్యి చెయ్యాలి. తేలే లైను, పదిహేను ఇరవై అడుగుల లీడరు. గాలి పక్కనుంచి తోస్తుంటే లైను విల్లులా వంగి మెల్లగా జరుగుతుంది, నింఫులూ దానితోపాటే. మనం వేళ్ల మధ్య ఎనిమిది అంకె చుట్టినట్టు లైనును కొద్దికొద్దిగా తీసుకుంటాం. ఆర్థర్ కోవ్ ఇంగ్లండు రిజర్వాయర్లలో నెమలి కుటుంబానికే చెందిన ఫెజంట్ పక్షి తోక ఈకతో కట్టిన నింఫును ఇలాగే, చూసేవాళ్లకు విసుగొచ్చేంత నిదానంగా ఆడించేవాడు. చేప అందుకుంటే లైను కొస నీళ్లలోకి జారుతుంది, అంతే. ఆ జారుడు కనిపెట్టడమే ఈ విద్య. బెండు కడితే అది పోతుంది.

లంకపిల్లాడు:
ఆ నార్మంటన్ మనిషిని నేను కాదు గానీ, ఆయన పక్షమే. బెండు అన్న మాటను తిట్టులా వాడకండి అన్నా. చిన్నప్పుడు మా ఊరి చెరువులో నెమలి ఈక కాడతో బెండు చేసి జెల్లలు పట్టినవాణ్ణి. బెండు ఎంత కిందికి కట్టాలో తెలియనివాడికి సాయంత్రం దాకా ఒక్కటీ పడేది కాదు. అదీ విద్యే.

బజర్ అంటే దోమలా ఉండే, కుట్టని పురుగు. దాని పిల్లపురుగు అడుగు బురదలో ఉంటుంది. రక్తంలో హీమోగ్లోబిన్ ఉండబట్టి చాలా రకాలు ఎర్రగా కనిపిస్తాయి. ప్యూపా అయ్యాక మెల్లగా పైకొచ్చి, నీటి పైపొర కింద వేలాడుతుంది. అడ్డంగా పరుగెత్తే పురుగు కాదది. ఇండికేటర్ కింద నిలువుగా వేలాడే నింఫే దానికి దగ్గర. మీరు లాగే లైను చివర నింఫు అడ్డంగా నడుస్తుంది కదా?

లెస్టర్_గట్టు:
నిలువుగా వేలాడటం నిజమే తమ్ముడూ. కానీ అలలుంటే ఇండికేటర్ ఎగిరెగిరి పడుతుంది, కింద నింఫూ దానితోపాటే ఎగురుతుంది. ఏ ప్యూపా అలా గంతులేస్తుంది?

పాతపుస్తకాలు:
ఈ గొడవ కొత్తది కాదండీ. నీటిమీద తేలే కృత్రిమ ఈగ తప్ప మరేదీ వెయ్యకూడదన్న ఇంగ్లండు రచయిత హాల్ఫర్డ్ అనుచరులు, నీటిలోపల నింఫులు వేసిన మరో రచయిత స్క్యూస్‌ను తప్పుపట్టారు. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీనిపై చర్చే పెట్టారు. అప్పుడు నింఫు మీద వేసిన నింద ఇవాళ ఇండికేటర్ మీద పడుతోంది. అయితే స్క్యూస్ గొడవ సుద్దనేలల్లో పారే ఏర్ల గురించి. నిలవనీటి సంగతికి సోమర్‌సెట్‌లోని బ్లాగ్డన్ సరస్సుకు పోవాలి. అక్కడ 1904 నుంచి ట్రౌట్ పడుతున్నారు. ఆ దగ్గర్లో వైద్యం చేసిన డాక్టర్ హోవర్డ్ బెల్, పట్టిన చేపల కడుపులు పరీక్షించి, అవి తిన్న పురుగులను పోలిన నింఫులు కట్టాడు. నా దృష్టిలో విద్య అంటే అది. చేప ఏం తింటోందో, ఎంత లోతులో తింటోందో తెలుసుకున్నాక బెండు కట్టినా కట్టకపోయినా నాకు ఒకటే.

కొత్తగా_గాలం:
నేను మొదలుపెట్టి ఏడాదైంది. లైను కొస జారడం నా కళ్లకు ఆనదు. బెండు లేకపోతే మొదటి నెలలోనే మానేసేదాన్ని. ఒక్క ఇబ్బంది ఉంది. పోయిన నెల ఇండికేటర్ కింద పన్నెండు అడుగులు వదిలాను. చేప దగ్గరికొచ్చేసరికి ఇండికేటర్ కర్ర చివరి కడియానికి తట్టుకుని ఆగిపోయింది. పదడుగుల కర్రతో చేపను చేతివలలోకి ఎలా తేవాలో తోచక ఏడుపొచ్చింది.

లంకపిల్లాడు:
అక్కా, చేప తగలగానే పట్టు వదిలి కిందికి జారిపోయే రకం ఇండికేటర్లు ఉన్నాయి, అది తీసుకోండి. మామూలుదైతే కర్ర పొడవు దాటించొద్దు.

లెస్టర్_గట్టు:
చూశారా, నా గొడవ ఇదే. చేపలు పదిహేను అడుగుల కింద ఉన్న రోజు ఆ మామూలు బెండు ఏం చేస్తుంది? చెల్లెమ్మా, మీరు మానేయకుండా నిలబడినందుకు సంతోషం. మీ కోసమైతే బెండును ఒప్పుకుంటాను. కానీ గాలి తక్కువున్న రోజు ఒక్క గంట అది విప్పి చూడండి. చివర బరువైన బజర్ కట్టి, నీళ్లలో పడ్డాక ఇరవై లెక్కపెట్టండి. తగలకపోతే ముప్పై. ఏ అంకె దగ్గర తగిలిందో గుర్తుపెట్టుకోండి. లోతు అలాగే తెలుస్తుంది. కొస జారడం కనబడకపోతే కర్ర కొసకూ నీళ్లకూ మధ్య లైను వేలాడే వంపును చూడండి, చేప పట్టగానే అది లేచి నిటారవుతుంది.

కొత్తగా_గాలం:
ఆ వంపు సంగతి నాకెవరూ చెప్పలేదండీ. శనివారం రట్లండ్‌లోనే విట్‌వెల్ వైపు వెళ్తున్నాను. ముందు బెండుతో ఒకటి పట్టుకుని, ఆ తర్వాత విప్పుతాను.