స్థూలకాయులకు పీఎస్‌ఏ 4 అనే గీత సరిపోతుందా?

పటమట_సుజాత:
రెండేళ్ల క్రితం విజయవాడలో చేయించిన పరీక్షలో మా పెద్దన్నయ్యకు పీఎస్‌ఏ 3.4 వచ్చింది (పీఎస్‌ఏ అంటే మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్; ఎక్కువుంటే ఆ గ్రంథిలో క్యాన్సరేమోనని అనుమానిస్తారు). రిపోర్టులో ఆ అంకె పక్కనే ‘4 లోపు సాధారణం’ అని ఉండటంతో, చూసిన డాక్టరు గారు కాగితం మడిచి చేతికిచ్చి, భయం లేదని పంపించారు. మొన్న వేసవిలో నడుము నొప్పికి స్కాన్ తీయిస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని తెలిసింది. ఆయన బరువు 106 కిలోలు, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. లావుగా ఉన్నవారిలో ఈ అంకె తగ్గి కనిపిస్తుందని ఆనాడు ఎవ్వరూ చెప్పలేదు. అందరికీ ఒకే గీత ఎందుకు?

బ్రాడీపేట_మాస్టారు:
అమ్మా, గీతను కిందికి దించితే జరిగేది కూడా ఆలోచించండి. నాకు 5.8 వచ్చిందని గుంటూరులో బయాప్సీ అని ప్రోస్టేట్ నుంచి 12 చిన్న ముక్కలు తీశారు. ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు. మూడో రోజున చలిజ్వరం పట్టుకుని ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. వయసుతో ప్రోస్టేట్ గ్రంథి పెరిగినా, వాచినా పీఎస్‌ఏ పెరుగుతుంది.

పటమట_సుజాత:
నేను అడిగింది తగ్గడం గురించి, మాస్టారూ. 2007లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె) 35 దాటినవారిలో రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం ఎక్కువగా ఉండి పీఎస్‌ఏ 11 నుంచి 21 శాతం వరకు పలచబడుతుందని చెప్పింది. మా అన్నయ్య బీఎంఐ 36 దాటింది.

బ్రాడీపేట_మాస్టారు:
11 శాతమైతే మీ 3.4 అసలు విలువ 3.8, అంటే గీతకు లోపలే. 21 అయితే 4.3, గీతకు బయట. డాక్టరు ఏది తీసుకోవాలి? ముందు దీనికి జవాబు చెప్పండి.

కృష్ణలంక_రవి:
మా నాన్నగారూ లావే. ఆయనకు పీఎస్‌ఏ 40 వచ్చింది.

సూర్యారావుపేట_ల్యాబ్:
ల్యాబును తప్పుపట్టవద్దని మనవి. మేము వచ్చిన అంకెను వచ్చినట్టే ఇస్తాము. పీఎస్‌ఏ లాంటి రక్తంలోని గుర్తు పలచబడుతుంది గాని, బయాప్సీలో తీసిన కణజాలంలోని గుర్తుకు ఆ ఇబ్బంది లేదు. బయాప్సీ స్లైడుపై పీ63 అనే ప్రొటీన్‌ను చూపించే స్టెయిన్ (రంగు) వేస్తే, ప్రోస్టేట్‌లోని మామూలు చిన్న గ్రంథి అంచున ఉండే బేసల్ కణాలు గోధుమరంగు చుక్కల దండలాగా కనిపిస్తాయి. క్యాన్సర్ గ్రంథికి ఆ దండ ఉండదు. దాని కణాల్లో సాధారణంగా ఏఎంఏసీఆర్ అనే మరో ప్రొటీన్ రంగు ముదురుగా పడుతుంది. మనిషి 60 కిలోలైనా 110 కిలోలైనా ఇందులో తేడా రాదు.

పటమట_సుజాత:
ఆ స్లైడు దాకా వెళ్లనిస్తే కదండీ! 3.4 దగ్గరే ఆపేశారు. మాస్టారు గారికి ఆరు రోజుల జ్వరం గుర్తుంది. మా వదిన ఇప్పుడు రాత్రింబవళ్లు మంచం పక్కనే కూర్చుంటోంది. 4 కింద ఉన్నవారికి కూడా బయాప్సీ చేసి చూసిన పరిశోధన 2004లో వచ్చింది. వారిలో సుమారు 15 శాతం మందికి క్యాన్సర్ ఉంది.

బ్రాడీపేట_మాస్టారు:
ఆ 15 శాతంలో ఎక్కువమందికి అది తీవ్రమైన రకం కాదన్న మాట మీరు వదిలేశారు. అలాంటివారికి కోతలు, మూత్రం ఆగకపోవడం అంటగడితే ఆ పాపం ఎవరిది? జబ్బు లేనివాణ్ణి పొడిచి బాధపెట్టడం నా దృష్టిలో పెద్ద తప్పు. ఉన్నవాణ్ణి వదిలేయడం మీ దృష్టిలో పెద్ద తప్పు. మన తగవంతా అక్కడే ఉంది. మీ అన్నగారి విషయంలో నా మాట కటువుగా తోచి ఉంటే మన్నించండి. గీత దించడానికి మాత్రం నేను ఒప్పుకోను.

పటమట_సుజాత:
దించకండి. రిపోర్టులో బరువు, ఎత్తు రాయించి, అనుమానం ఉంటే ముక్క తీసేముందు ఎంఆర్‌ఐ చేయించమంటున్నాను. దానికైనా ఒప్పుకుంటారా?

బ్రాడీపేట_మాస్టారు:
దానికి ఒప్పుకుంటాను. నాకు ఆనాడు ఎంఆర్‌ఐ ఎవరూ చేయించలేదు.

పటమట_సుజాత:
చిన్నన్నయ్యకు 52 ఏళ్లు, 98 కిలోలు. సోమవారం పరీక్షకు తీసుకువెళ్తున్నాను.

సూర్యారావుపేట_ల్యాబ్:
పాత రిపోర్టులుంటే వెంట తీసుకువెళ్లండి. జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వాడుతుంటే ముందే చెప్పండి, అది పీఎస్‌ఏను దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఏటా ఒకే ల్యాబులో చేయించండి, యంత్రం మారితే అంకె కూడా కొంత మారుతుంది.