పాత ఇంట్లో మేడ గదికి నెట్ అందట్లేదు. రౌటర్ మార్చాలా, వైరు లాగాలా?

ప్రశ్న (నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా)

మాది తాతగారు కట్టించిన ఇల్లు. కింద గోడలు 18 అంగుళాల మందం. మేడ గది తర్వాత వేసుకున్నాం, నా ఆఫీసు పనంతా అక్కడే. ఫైబర్ పెట్టె కింద వీధి గదిలో ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్. పెట్టె పక్కన 90 దాటుతుంది, మేడ మీద 4, 5 దగ్గరే ఆగిపోతుంది. నిన్న మీటింగ్ మధ్యలో మూడుసార్లు కట్ అయింది, చాలా టెన్షన్ పడ్డాను. పెరట్లో 20 అడుగుల అవతల అమ్మ గది, అక్కడ అసలు రాదు. షాపులో ఆరు యాంటెన్నాల రౌటర్ తీసుకోమంటున్నారు, 7,500. నేను 6,000 దాకా పెట్టగలను. ఏం కొనమంటారు?

జవాబు (విజయనగరం)

అది కొనకండి. రౌటర్ మాట మీ ల్యాప్‌టాప్‌కి వినబడితే చాలదు, ల్యాప్‌టాప్ మాట కూడా ఆ గోడ దాటి రౌటర్‌కి చేరాలి. యాంటెన్నాలు పెరిగితే ల్యాప్‌టాప్ బలం పెరగదు కదా. పైగా వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నలే గోడల దగ్గర ముందు తగ్గిపోతుంది.

నేనూ మొదట రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొని మెట్ల దగ్గర పెట్టాను. ఫోన్‌లో గీతలు నిండుగా కనబడేవి, వేగం మాత్రం సగమే. విన్నదాన్నే మళ్లీ అదే గాలిలో పంపాలి, మరి సగం కాక ఏమవుతుంది? చివరికి వైరే లాగాను.

మీకు కావలసినవి క్యాట్6 అనే నెట్‌వర్క్ వైరు, గిగాబిట్ పోర్టులున్న మామూలు డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఇచ్చే) రౌటర్ ఒకటి. వైరు దారి పురికొసతో కొలిచి, మూడు మీటర్లు ఎక్కువ తీసుకోండి. 100 మీటర్ల లోపు వేగానికి ఢోకా లేదు. మేడ మీద రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడమే దాని పని. ఆ మోడ్ లేకపోతే దాని అడ్రస్ 192.168.1.1 నుంచి వేరేది చేసి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి అడ్రస్‌లిచ్చే పని) ఆపి, వైరు ల్యాన్ పోర్టుకి పెట్టండి. కింద, మేడ మీద ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రం ఒకదానికి ఛానల్ 1, రెండోదానికి 6 లేదా 11.

వైరు కొనేటప్పుడు ఒక్క పని తప్పకుండా చేయండి. చివర తొక్క తీసి, లోపలి తీగని బ్లేడుతో గీకండి. గీకినా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే రాగి పూత వేసిన అల్యూమినియం, అది వద్దు. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దీన్ని లాగకండి.

జవాబు (పలాస)

అన్నయ్య చెప్పింది మేడ గదికి సరిగ్గా సరిపోతుంది. అమ్మగారి గదికి మాత్రం పెరట్లోంచి రాగి వైరు వేయకండి. పిడుగు దగ్గర్లో పడితే చాలు, ఆ వైరు పొడవునా కరెంటు పుట్టి రెండు చివర్లా పోర్టులు మాడిపోతాయి. మా బాబాయి ఇంట్లో అలాగే పోయాయి. అక్కడికి ఫైబర్ ముక్క, దాని రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ వైరుకి కలిపే చిన్న పెట్టెలు) పెట్టండి. గాజు తీగలో కరెంటు పారదు. ఖర్చు ఎక్కువైతే ఆ పని వచ్చే నెలకి వాయిదా వేయండి.

ఇంకోటి, మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రౌటర్‌ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె. 2018లో తిత్లీ తుపానప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్దదానికి ఇది ఆగదు గానీ, గంట రెండు గంటల కోతకి సరిపోతుంది. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసుకునే కొనండి. పెట్టెకీ రౌటర్‌కీ రెండింటికీ ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

మొదటి షాపులో వైరు గీకితే తెల్లగా వచ్చింది. వద్దని ఇంకో షాపులో తీసుకున్నాను. 18 మీటర్లు పట్టింది, మెట్ల గోడ మీదుగా కేసింగ్ వేశాం. ఇప్పుడు మేడ మీద 92 వస్తోంది. నిన్న రెండు గంటల మీటింగ్ ఒక్కసారీ ఆగలేదు. మీ ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ.

అమ్మ గదికి ఫైబరే వేస్తాను. పైపు అడుగు లోతున పూడిస్తే చాలా? దారిలో కొబ్బరి చెట్టు ఉంది, వేళ్లు అడ్డొస్తాయేమో.